ఆ కోడికి నేను కట్టిన ఖరీదు

ఇచ్చేవాళ్లం మేము, పుచ్చుకునేవాళ్లు వాళ్లు. నా విశ్వాస జీవితం సగానికి పైగా ఈ లెక్క మీదే నడిచింది. సండే స్కూల్లో పిల్లలకు పాఠాలు చెప్పాను. స్త్రీల సమాజానికి కార్యదర్శిగా చేశాను. క్రిస్మస్ వస్తే విధవరాండ్రకు చీరలు పంచాను. కోతపండుగ వేలంపాటలో గుమ్మడికాయకు నలుగురూ వెనక్కి తిరిగి చూసేంత పాట పాడాను. ఇదంతా దేవునికే ఇస్తున్నానని మనస్ఫూర్తిగా నమ్మాను. నా తెలివితక్కువతనం ఎక్కడుందో ఏ ప్రసంగమూ నాకు చూపించలేకపోయింది. ఒక ముసలామె మా ఇంటికి తెచ్చిన నాటుకోడి చూపించింది. దాని సంగతి చెప్పేముందు అసలు ఆ లెక్క నాకెలా అబ్బిందో చెప్పాలి.

మాది ఒంగోలు వైపు. మా పెద్దలు మాదిగపల్లెలో పుట్టి, మిషను వారి చేతుల మీదుగా బాప్తిస్మం పొందినవాళ్లు. మా తాతను మిషను బోర్డింగులో చదివించారు. పుస్తకాలు, పూటపూటకీ భోజనం, కట్టుకోవడానికి బట్టలు, అన్నీ ఎక్కడో సముద్రాల అవతల ఎవరో ఆడవాళ్లు తమ చర్చిలో పోగుచేసి పంపిన డబ్బుతో జరిగాయి. వాళ్ల పేర్లు మా తాతకు తెలియవు. ఆయన పేరు వాళ్లకు తెలియదు. ఆ చదువుతోనే ఆయన మాస్టరయ్యారు, మా నాన్న మాస్టరయ్యారు, నేను టీచర్నయ్యాను. మా కుటుంబం నిలబడిందే ముక్కూమొహం తెలియని వాళ్లిచ్చిన కానుక మీద. అయినా ఆ మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనేవారు కాదు.

అనకపోవడానికి కారణం ఉంది. పాలపిండికీ గోధుమ నూకకీ మతం మారినోళ్లని ఊళ్లో అనేవారు. బడిలో తోటి పిల్లలు అన్నారు, ఒకసారి ఒక పెద్దమనిషి మా నాన్న ఎదుటే అన్నాడు. నాన్న ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు. మన ఇంట్లో ఎవరూ ఎవరి దగ్గరా ఊరికే ఏదీ పుచ్చుకోకూడదని ఆ రాత్రి మా అందరి చేత మాట తీసుకున్నారు. పక్కింటి పిన్నమ్మ గిన్నెలో కూర పెట్టిస్తే ఆ గిన్నె ఖాళీగా వెనక్కి వెళ్లకూడదు, అదీ వెంటనే వెళ్లాలి. అలా పెరిగాను.

నిజానికి ఆ ఎత్తిపొడుపుకు సమాధానం మా పల్లెల చరిత్రలోనే ఉంది. పెద్దలు ధాత కరువని చెప్పుకునే 1876–78 నాటి కరువులో ఒంగోలు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో మాడుతున్న వేలమందికి పని చూపించారు. కూలి ఇచ్చారు, ప్రాణాలు నిలబెట్టారు. కానీ కరువు సాగినంత కాలం బాప్తిస్మం ఇవ్వడం ఆపేశారు. అన్నం కోసం వచ్చామన్న మాట ఎవరి మీదా పడకూడదని ఆయన పట్టుదల. కరువు తగ్గి, ఇక సాయం అందదని తెలిశాకే జనం గుండ్లకమ్మ ఒడ్డుకు వచ్చారు. 1878 జూలై 3న ఒక్కరోజులో 2,222 మంది ఆ నీళ్లలో బాప్తిస్మం పొందారు. ఇచ్చినదానికి బదులుగా ఏమీ అడగకూడదన్న నియమం ఇంత గట్టిగా పాటించిన చోట మా సంఘం పుట్టింది. పుచ్చుకున్నందుకు సిగ్గుపడాల్సిన పనే లేని చరిత్ర అది.

నేను మాత్రం అందులోంచి సిగ్గునే వారసత్వంగా తీసుకున్నాను. పుచ్చుకునే వైపు ఎప్పటికీ నిలబడకూడదంటే ఎప్పుడూ ఇచ్చే వైపే ఉండాలి. నా దానధర్మాల అడుగున ఉన్నది ఇదే. దానికి నేను భక్తి అని పేరు పెట్టుకున్నాను.

చేతిరాత బాగుంటుందని మా వాళ్ల పెళ్లిళ్లలో చదివింపుల పుస్తకం రాసే పని చిన్నప్పుడే నాకు అప్పజెప్పారు. పందిరి గుమ్మం దగ్గర చిన్న బల్ల, బల్ల మీద నోటుపుస్తకం, పక్కన మైకు. ఫలానా వారు అయిదువందల పదహార్లు, ఫలానా వారు స్టీలు బిందె అని ఒకరు చదువుతుంటే నేను రాసేదాన్ని. పెళ్లయ్యాక ఆ పుస్తకం బీరువాలోకి వెళుతుంది. అవతలివాళ్లింట్లో శుభకార్యం వస్తే బయటికి తీసి, వాళ్లెంత పెట్టారో చూసి, అంతకు తగ్గకుండా పెడతారు. ఇందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. ఆడపిల్ల పెళ్లికి ఊరు కలిసి ఎత్తే బరువు అది. తీర్చాల్సిన బాకీయే అయినా మర్యాదగల బాకీ. ఆ పుస్తకాన్ని చర్చిలోకి మోసుకుపోవడమే నేను చేసిన పని.

లూకా సువార్త 14వ అధ్యాయంలో ప్రభువు విందు గురించి చెప్పినది నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. తిరిగి పిలిచే స్తోమత ఉన్నవాళ్లను కాదు, పిలవలేనివాళ్లను పిలవమన్నాడు. దాని మీద నేను స్త్రీల కూడికల్లో మాట్లాడాను కూడా. కానీ నా లోపల ఆ మాట ఎలా స్థిరపడిందో ఇప్పుడు చెబుతుంటే భయం వేస్తోంది. తిరిగి ఇవ్వలేనివాళ్లకు ఇస్తే బాకీ ఎప్పటికీ వాళ్ల మీదే ఉండిపోతుంది. నా పుస్తకంలో వాళ్ల పేరు ఎదుట ఎప్పుడూ నాదే పైచేయి. ఇలా పైకి అనుకోలేదు. అనుకుని ఉంటే అక్కడే ఆగేదాన్నేమో.

క్రిస్మస్ చీరల సంగతి తీసుకోండి. హోల్‌సేల్ కొట్లో ఒకే రంగువి తీసుకుంటే రేటు తగ్గిస్తారు. ఒకరికి మంచిది వచ్చింది, ఇంకొకరికి రాలేదన్న పేచీ కూడా ఉండదు. అందుకని అందరికీ ఒకటే తెచ్చేదాన్ని. ఒక ఏడాది ముదురు ఆకుపచ్చ చీరలు, అంచుకు సన్నటి ఎర్ర లేసు కుట్టినవి. మైకులో ఒక్కొక్కరి పేరూ పిలిచేవారు. వాళ్లు లేచి ముందుకొచ్చి, రెండు చేతులతో అందుకుని, ఫోటో తీసేదాకా నిలబడి, వందనాలు చెప్పి వెళ్లేవారు. జనవరి ఒకటో తేదీ ఆరాధనకు అందరూ ఆ చీరలే కట్టుకుని ఎడమవైపు చాపల మీద వరసగా కూర్చుంటే నా కళ్లు నిండేవి. ఆ ఆకుపచ్చ ఊళ్లో ఇంకెవరి ఒంటి మీదా లేదు. మిరపకోతకు పోయినా, రేషన్ కొట్టు దగ్గర నిలబడినా, బస్సెక్కినా, ఆమె చర్చి చీర కట్టిందని ఎవరైనా చెప్పగలరు. ఏడాది పొడుగునా వాళ్లు నా కానుకను ఒంటి మీద మోస్తూ తిరిగారు. ఒకామె ఆ లేసు విప్పేసి పసుపు రంగుది కుట్టించుకుంది. బాగున్నదాన్ని ఎందుకు పాడుచేసుకున్నావమ్మా అని నలుగురిలో అడిగాను. ఆమె తల వంచుకుంది. ఎందుకు వంచుకుందో నాకు అప్పుడు అర్థం కాలేదు.

నికోలస్ కథ చెప్పినప్పుడు కూడా నాకు ఆ చీరలు గుర్తు రాకపోవడం ఇప్పుడు ఆశ్చర్యంగా ఉంది. మా చర్చిలో క్రిస్మస్ తాత వేషం వేసేటప్పుడు ఆ తాత ఎవరని పిల్లలు అడిగితే చెప్పేదాన్ని. నాలుగో శతాబ్దంలో, ఇప్పటి టర్కీలో ఉన్న మైరా పట్టణానికి నికోలస్ అనే బిషప్పు ఉండేవాడు. ముగ్గురు కూతుళ్లకు కట్నాలు ఇచ్చుకోలేక కుమిలిపోతున్న ఒక తండ్రి ఇంట్లోకి ఆయన రాత్రిపూట కిటికీలోంచి బంగారం మూట విసిరేవాడని కథ. మూడోసారి ఆ తండ్రి కాపుకాసి పట్టుకుంటే, తాను బతికుండగా ఎవరికీ చెప్పవద్దని నికోలస్ మాట తీసుకున్నాడట. రాత్రిపూట ఎందుకు వెళ్లాడో చెప్పమని పిల్లల్ని అడిగి, వినయం కోసమని నేనే జవాబు చెప్పేదాన్ని. ఆ తండ్రి పరువు సంగతి ఒక్కసారి కూడా నా నోట రాలేదు. కట్నం మాట వింటేనే గుండె జారిపోయే ఇళ్ల మధ్య బతికే నాకు అది తోచకపోవడం ఏమిటి? పగటిపూట పదిమందిలో ఇచ్చి ఉంటే ఆ పిల్లలకు పెళ్లిళ్లు అయ్యేవేమో గానీ, ఆ ఇల్లు తలెత్తుకునేది కాదు. నికోలస్ చీకట్లో కాపాడింది తన వినయాన్ని ఒక్కటే కాదని ఇప్పుడు నా నమ్మకం.

ఇంకొకటి కూడా చేశాను, అది చీరల కంటే పెద్ద తప్పు. మా స్త్రీల సమాజంలో పిడికెడు బియ్యం పద్ధతి ఉంది. ఎసట్లో పోయడానికి బియ్యం కొలిచినప్పుడల్లా అందులోంచి ఒక పిడికెడు తీసి చిన్న గుడ్డసంచిలో వేయాలి. ఆదివారం ఆ సంచి చర్చికి తేవాలి. అన్నీ కలిపి తూచి అమ్మితే వచ్చిన డబ్బు ఇళ్లకు వెళ్లి వాక్యం చెప్పే బైబిలు స్త్రీ జీతానికీ, సువార్త పనికీ పోతుంది. తెలుగు సంఘాల్లో ఎన్నో చోట్ల ఉన్న అలవాటే. నేను కార్యదర్శినయ్యాక ఆ జాబితాలోంచి విధవరాండ్ర పేర్లు తీసేశాను. వాళ్లకు మనమే ఇస్తున్నప్పుడు వాళ్ల దగ్గర తీసుకోవడమేమిటి, పాపం, అన్నాను. అందరూ నన్ను మెచ్చుకున్నారు. పాస్టరమ్మ గారు ఒక్కరే, వాళ్లను ఒకమాట అడిగి చేస్తే బాగుండేదేమో అన్నారు. నేను పట్టించుకోలేదు.

ఇక ఆ నాటుకోడి సంగతి. మావారికి గుండె ఆపరేషన్ అయింది. ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చిన కొత్తలో, ఒక మధ్యాహ్నం ఆ అవ్వ వచ్చింది. కూలికి పోయే ఓపిక పోయాక నాలుగు కోళ్లు పెంచుకుని బతుకుతున్న మనిషి. మా చీరల జాబితాలో మొదటి వరసలో ఉండే పేరు ఆమెది. ఎండలో పల్లె నుంచి నడిచే వచ్చింది. చంకలో కాళ్లు కట్టిన నాటుకోడి, చేతిలో మూత బిగించిన స్టీలు క్యాను. క్యాను మూత తీసి చూపించింది. నిండా తవుడు, ఆ తవుడులో కూరి పెట్టిన గుడ్లు. ఒక్కో గుడ్డు చుట్టూ తవుడు ఎంత ఒత్తుగా సర్దిందంటే, పైనున్న రెంటి మొనలు తప్ప ఇంకేమీ కనిపించలేదు.

"వందనాలు టీచరమ్మా. అయ్యగారికి ఎట్టా ఉంది? ఈ కోడి రసం కాసి పొయ్యండి, ఒంట్లోకి సత్తువొస్తది. గుడ్లు పగలకుండా తెచ్చినా."

"ఎందుకవ్వా ఇవన్నీ. నీకే గడవడం కష్టంగా ఉంటే," అంటూ నేను లోపలికెళ్లి పర్సు తెచ్చాను. "కోడి ఎంతవుతుంది?"

"అమ్మటానికి తేలేదమ్మా."

"తెలుసులే. అయినా తీసుకో. నాకు ఊరికే పుచ్చుకునే అలవాటు లేదు."

బజారు ధరకు రెట్టింపే లెక్కగట్టి నోట్లు ఆమె చేతిలో కుక్కాను. ఆమె ఒకసారి నా మొహంలోకి చూసింది. వద్దని పోట్లాడలేదు. టీచరమ్మతో పోట్లాడటం ఆమెకు రాదు. తవుడు మాత్రం నా గిన్నెలోకి ఒంపి, ఖాళీ క్యాను తీసుకుని లేచింది. ఆ నోట్లు రొంటిన దోపుకోలేదు. గుప్పిట్లోనే పట్టుకుని గేటు దాటి వెళ్లిపోయింది. మంచి పని చేశానని సాయంత్రం మావారితో చెప్పాను. ఆయన కోడిరసం తాగుతూ ఏమీ అనలేదు.

ఆ తర్వాత ఆమె మా గుమ్మం తొక్కలేదు. ఆదివారం కనిపిస్తే వందనాలు చెప్పేది. నేను దగ్గరికి వెళితే లేచి నిలబడేది. ఇదివరకు కూర్చునే మాట్లాడేది, పక్కన చోటు చూపించేది కూడా. ఈ తేడా చూశాను. దీన్ని మర్యాద అనుకున్నాను.

తర్వాతి ఏడు శ్రమకాలంలో స్త్రీల కూడికకు యోహాను సువార్త 13వ అధ్యాయం చెప్పే వంతు నాకు వచ్చింది. ప్రభువు నడుముకు తువాలు కట్టుకుని శిష్యుల పాదాలు కడిగిన భాగం. మనం ఒకరికొకరం సేవ చేయాలి అనే వైపు నుంచి అంతకుముందు ఎన్నోసార్లు చెప్పాను. ఈసారి చదువుతుంటే పేతురు దగ్గర ఆగిపోయాను. తన పాదాలు ప్రభువు ముట్టుకోవడానికి వీల్లేదంటాడు పేతురు. అందులో ఎంత గౌరవం ఉందో! అయినా ప్రభువు దాన్ని గౌరవంగా తీసుకోలేదు. కడగనివ్వకపోతే నాతో నీకు పాలే లేదని తేల్చి చెప్పాడు. బల్ల మీద బైబిలు తెరిచి ఉండగా నా మాటే నాకు వినిపించింది. నాకు ఊరికే పుచ్చుకునే అలవాటు లేదు. ఊరికే పుచ్చుకునే అలవాటు లేనిదాన్ని కృప గురించి ఇన్నాళ్లు ఏం బోధించానో నాకే తెలియలేదు. క్రైస్తవ విశ్వాసమంతా నిలిచేది మనం సంపాదించని, తిరిగి తీర్చలేని ఒక కానుకను చేతులు చాపి అందుకోవడం మీద. ఆ చేతులు నాకు లేవు.

ఆ రాత్రి సువార్తల్ని మళ్లీ మొదటినుంచి చూడటం మొదలుపెట్టాను, ప్రభువు ఎక్కడెక్కడ ఎవరి దగ్గర ఏం పుచ్చుకున్నాడో వెతుక్కుంటూ. ఇచ్చినవాడిగానే ఆయన నాకు తెలుసు. పుచ్చుకున్నవాడిగా చూస్తే పేజీలే మారిపోయాయి. తూర్పుదేశపు జ్ఞానులు బంగారం, సాంబ్రాణి, బోళం తెచ్చినప్పుడు ఆయన చేసింది అందుకోవడమే. బోధించడానికి సీమోను పడవ అడిగి ఎక్కాడు. సమరయ స్త్రీ దగ్గర మంచినీళ్లు అడిగాడు. అదీ తన జాతివాళ్లు ఆమె జాతివాళ్లతో సాంగత్యం చేయని రోజుల్లో. బావి దగ్గర నీళ్లు ఎవరు ఎవరికి పోయాలన్న గొడవ మా పల్లెలకు కొత్త కాదు, ఆ కథ మాకు ఇంకొకరు విడమర్చి చెప్పనక్కర్లేదు. లూకా 8వ అధ్యాయం మొదట్లో మగ్దలేనే మరియ, హేరోదు గృహనిర్వాహకుడైన కూజా భార్య యోహన్న, సూసన్న, ఇంకా చాలామంది స్త్రీలు తమ సొంత సొమ్ముతో ఆయనకూ శిష్యులకూ ఉపచారం చేశారని ఉంది. అయిదువేల మందికి పెట్టింది కూడా ఒక కుర్రవాడి యవల రొట్టెలు తీసుకున్నాకే. చివరికి పడుకోబెట్టిన సమాధి అరిమతయియ యోసేపుది. బేతనియలో మరియ అత్తరు పోసినప్పుడు శిష్యులు మండిపడ్డారు. మూడువందల దేనారాల అత్తరు, అంటే ఒక కూలివాడి దాదాపు ఏడాది సంపాదన. అమ్మి బీదలకు ఇవ్వొచ్చు కదా అన్నారు. నేనైతే అక్కడే ఆమె చేతికి డబ్బులిచ్చి ఉండేదాన్ని. ప్రభువు ఆమె జోలికి పోవద్దన్నాడు. ఆమె చేసింది మంచి పని అన్నాడు.

అన్నిటికంటే నన్ను కదిలించింది చిన్న వచనం. లూకా 2వ అధ్యాయంలో మరియ, యోసేపు పసిబిడ్డను తీసుకుని ఒక జత గువ్వలనో రెండు పావురపు పిల్లలనో అర్పించడానికి దేవాలయానికి వెళ్లారని ఉంది. లేవీయకాండం 12వ అధ్యాయం తీసి చూస్తే దాని అర్థం తెలుస్తుంది. బాలింత తేవాల్సింది ఏడాది గొర్రెపిల్లను. అంత శక్తి లేనివాళ్లు గువ్వలు తేవచ్చు. అంటే రక్షకుడి ఇల్లు బీద ఇల్లు. అదే లేవీయకాండం 5వ అధ్యాయంలో పాపపరిహారార్థ బలి గురించి ఇంకా కిందికి దిగుతుంది ధర్మశాస్త్రం. గువ్వలకూ శక్తి లేకపోతే కొద్దిగా గోధుమపిండి చాలంటుంది. బీదవాడివి, నీకు మాఫీ చేశాం, ఏమీ తేవద్దు అని ఎక్కడా అనలేదు. వాడు కూడా చేతిలో ఏదో ఒకటి పట్టుకుని దేవుని సన్నిధికి రావాలి, ఖాళీ చేతుల మనిషిగా మిగిలిపోకూడదు అన్న పట్టింపు ఆ అధ్యాయాల్లో ఉంది. జాబితాలోంచి విధవరాండ్ర పేర్లు కొట్టేసినప్పుడు నేను చేసింది సరిగ్గా దానికి ఎదురు. ధర్మశాస్త్రం పిడికెడు పిండి దాకా దిగివచ్చి కాపాడిన హక్కును నేను కనికరం పేరుతో లాగేసుకున్నాను.

ఇక్కడ ఒకమాట గట్టిగా చెప్పాలి. బీదవాళ్లకు ఇచ్చే హక్కు ఉందంటే వాళ్లను పిండుకోవచ్చని కాదు. విత్తనం వేయండి, నూరంతలు వస్తుంది అంటూ కూలి డబ్బుల్ని, తాకట్టు పెట్టిన కమ్మల్ని వేదికల మీద కానుకగా అడిగే బోధ ఈమధ్య మన ఊళ్లలో పెరిగింది. అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. దేవుని వరాన్ని డబ్బుతో కొనబోయిన గారడీ సీమోనును పేతురు ఎలా గద్దించాడో అపొస్తలుల కార్యాల్లో ఉంది. కొనడం పాపమైతే అమ్మడం పుణ్యం ఎలా అవుతుంది? బీద విధవరాలు రెండు కాసులు వేసిన సంగతి మార్కు 12వ అధ్యాయంలో చదివేవాళ్లు దానికి సరిగ్గా ముందున్న వచనాలు కూడా చదవాలి. విధవరాండ్ర ఇళ్లు మింగే శాస్త్రుల మీద ప్రభువు మండిపడింది అక్కడే. మింగేవాళ్లను తిట్టాడు. ఆమెను మాత్రం వెయ్యనిచ్చాడు. ఆ రెండూ ఆయనకు ఒకేసారి కనిపించాయి. నాకు ఒక్కటీ సరిగ్గా కనిపించలేదు.

పౌలు సంగతి కూడా ఆ రాత్రుల్లోనే తెలిసింది, అంటే తెలిసిందే కళ్లకు ఆనింది. యెరూషలేములోని బీద విశ్వాసుల కోసం ఆయన సంఘాల్లో చందా పోగుచేశాడు. రెండవ కొరింథీ పత్రిక 8వ అధ్యాయంలో మాసిదోనియ సంఘాల గురించి రాస్తాడు. వాళ్లే నిరుపేదలు. అయినా ఆ సాయంలో తమకూ పాలు కావాలని పౌలును బతిమాలారు. ఇవ్వనివ్వండని బతిమాలిన బీదవాళ్లు! పౌలు కాదనలేదు. అదే పౌలు కలిగిన కొరింథువాళ్ల దగ్గర తన ఖర్చులకు ఏమీ తీసుకోలేదు. మాసిదోనియలోనే ఉన్న ఫిలిప్పీవాళ్లు ఎపఫ్రొదితు చేత పంపిన దాన్ని మాత్రం సంతోషంగా అందుకుని, అది దేవునికి ఇంపైన అర్పణ అని రాశాడు. ఎవరి దగ్గర పుచ్చుకోవాలో, ఎవరి దగ్గర కూడదో ఆయనకు తెలుసు. నేనైతే కలిగినవాళ్లు చదివింపులు పెడితే పుచ్చుకున్నాను, వాళ్లకు తిరిగి పెట్టగలను కనుక. లేనిదాని కోడికి ఖరీదు కట్టాను.

మన దోర్నకల్ బిషప్పు వి.ఎస్. అజరయ్య ఈ రోగాన్ని నూరేళ్ల కిందటే గుర్తుపట్టారు. తిరునల్వేలి నుంచి వచ్చి తెలుగు పల్లెల్లో పనిచేసిన మనిషి, 1912లో భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్పు. అంతకు రెండేళ్ల ముందు, 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో ఆయన మాట్లాడారు. మిషనరీలు డబ్బిచ్చారు, ఆస్తులు వదులుకున్నారు, ప్రాణాలు కూడా ఇచ్చారని ఒప్పుకుని, తమకు ఇవ్వనిది ఒకటి మిగిలిందన్నారు. స్నేహం. అది ఇవ్వమని అడిగారు. పెద్దపెద్ద దాతలతో నిండిన ఆ సభలో అలా అడగడానికి ఎంత ధైర్యం కావాలో! క్రైస్తవ కానుకల గురించి ఆయన ఒక పుస్తకమే రాశారు. కూలీనాలీ చేసుకునే సంఘాలు తమ గింజలూ కోళ్లూ గుడ్లతో తమ పనివాళ్లను తామే పోషించుకోవాలని పట్టుబట్టారు. బీదలు కదా, వదిలేద్దాం అనలేదు. ఆయన చదివితే చీరలు పంచిన నా జాబితాలో ఏం వెతికేవారో నాకు తెలుసు. వీళ్లలో ఎవరింట్లో అన్నం తిన్నావమ్మా అని అడిగేవారు.

ఎవరింట్లోనూ తినలేదు. మా తాత పుట్టిన పల్లె అది. చర్చి నుంచి నడిచివెళ్లేంత దూరం.

బలిపీఠం దగ్గర ఉండగా సహోదరుడికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే కానుక అక్కడే విడిచిపెట్టి ముందు వెళ్లి సమాధానపడమని మత్తయి 5వ అధ్యాయంలో ఉంది. మట్టల ఆదివారానికి ముందు శనివారం అవ్వ ఇంటికి వెళ్లాను. కాలనీ ఇల్లు, ముందు తాటాకు పంచ, పంచలో కోళ్లగంప. నులక మంచం వాల్చి నన్ను కూర్చోమని తను గడపలో కూర్చుంది. చెప్పాలనుకున్నవి వరసగా చెప్పలేకపోయాను. నీ కోడికి డబ్బులిచ్చి తప్పు చేశానవ్వా, నన్ను క్షమించు అన్నాను. ఆమె కాసేపు మాట్లాడలేదు.

"అయ్యగారు ఆ రసం తాగారా అమ్మా?"

అది నేను ఆమెకు చెప్పనే లేదు. అన్ని నెలల్లో ఒక్క ఆదివారం కూడా చెప్పలేదు. తాగారు, మర్నాడు మళ్లీ అడిగి తాగారు అన్నాను. ఆమె మొహం విప్పారింది. అది తన దగ్గరున్నవాటిలో పెద్ద పెట్ట అనీ, కోతపండుగకు ప్రభువు పేరు మీద వదిలిందనీ, అయ్యగారికి బాగాలేదని విని, ప్రభువుకు చెప్పుకుని మా ఇంటికి తెచ్చిందనీ అప్పుడు చెప్పింది. డబ్బుల మాట ఎత్తితే, "కానుక పెట్టెలో ఏశానమ్మా, నాయి కాదుగా" అంది. ఆ ఆదివారం కానుకలు లెక్కపెట్టిన చేతుల్లో నావీ ఉన్నాయి.

మధ్యాహ్నం అన్నం పెట్టింది. గోంగూర పచ్చడి, కోడిగుడ్డు పులుసు. రెండోసారి వడ్డిస్తుంటే చాలన్నాను గానీ, ఆమె వినలేదు, నేనూ చెయ్యి అడ్డం పెట్టలేదు. లేచేటప్పుడు మాత్రం నా చెయ్యి తెలియకుండానే భుజాన ఉన్న సంచి జిప్పు మీదికి పోయింది. ఇప్పటికీ పోతూనే ఉంటుంది. ఇంత చదివాక, ఇంత ఏడ్చాక కూడా ఎవరైనా ఏదైనా చేతిలో పెడితే, దీనికి ఏం తిరిగివ్వాలి అన్నది ముందు వస్తుంది, సంతోషం తర్వాత వస్తుంది. మా నాన్న ఆ రాత్రి తీసుకున్న మాట చాలా లోతుకు దిగింది. ఆయన తప్పు కాదది. అవమానం ఆయనకు జరిగింది. ఆ అవమానాన్ని మోసుకొచ్చి దానిలాంటిదే ఇంకొకరికి చేసింది నేను.

చీరల పద్ధతి మార్చమని సమాజంలో అడిగాను. ఇప్పుడు ఎవరికి నచ్చింది వాళ్లు కొట్టుకెళ్లి ఎంచుకుంటున్నారు, మైకు లేదు, ఫోటో లేదు. ఖర్చు కొంత ఎక్కువవుతోందని కమిటీలో ఇంకా వాదన ఉంది. ఫోటో లేకపోతే చందాలిచ్చినవాళ్లకు ఏం చూపిస్తాం అని ఒకరిద్దరు అడుగుతూనే ఉన్నారు. వాళ్లను తప్పుపట్టే ముఖం నాకు లేదు, ఓపికగా చెబుతున్నాను. బియ్యం జాబితాలోకి విధవరాండ్ర పేర్లు మళ్లీ ఎక్కించాం, ఈసారి ఒక్కొక్కరినీ అడిగి. ఇద్దరు తమవల్ల కాదన్నారు. సరేనన్నాం. మిగతావాళ్లు సంచులు ఎప్పుడిస్తారని అడిగారు. అవ్వ మాత్రం తనకు పాత సంచే ఉందంది. పేరు కొట్టేసిన నాటినుంచీ పిడికెడు తీయడం మానలేదట. చర్చిలో తీసుకోరు కనుక ఆ బియ్యం పక్కింటి పసిపిల్లలకు వండి పెడుతోందట. ఇకమీదట సగం అక్కడికి, సగం చర్చికి అంది. సగమేమిటి, అంతా చర్చికే తేవాలి కదా అని పక్కనున్న ఒకామె అంటే, ఎవరికి ఎంత ఇవ్వాలో అవ్వకు మనం చెప్పక్కర్లేదని పాస్టరమ్మ గారు అన్నారు. ఆమె పేరు ఎదుట సగం సంచి అనే రాసుకున్నాను.